పదిహేనేళ్ళుగా "త్వరలో"

2024 జనవరిలో నేనొక ఊరిని ఖాళీ చేయించాను. కంగారు పడకండి, అందులో ఉన్నది నలభయ్యొక్క మందే. ఆ ఊరు కూడా ఓ అద్దె సర్వరు మీద ఉండేది.

కథ 2022లో మొదలైంది. ఆ అక్టోబరు 27న ట్విట్టరు చేతులు మారింది. మా ఇంజనీరింగు బ్యాచ్‌లో అందరూ "ఇప్పుడెక్కడికి పోదాం" అని గొడవ పడుతుంటే నేను లేచి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. మన ఇల్లు మనమే కట్టుకుందాం, ఒక్క కంపెనీవాడి దయ మీద ఎన్నాళ్ళు బతుకుతాం, మాస్టడాన్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు ఉంది, సర్వరు నేను పెడతాను, వగైరా వగైరా. అన్నట్టే పెట్టాను. పద్నాలుగు నెలలు నడిపాను. అందులో సగం శనివారాలు డిస్కు ఖాళీ చేయడానికే సరిపోయాయి. ఎందుకంటే మావాళ్ళు అనుసరించే బయటి జనాల ఫొటోలన్నీ మా సర్వరు కూడా ఒక కాపీ తెచ్చిపెట్టుకుంటుంది. తర్వాత ఉద్యోగం మారాను, రాత్రి పూట పని ఎక్కువైంది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆలస్యం కావడం మొదలైంది. చివరికి మూడు వారాలు గడువిచ్చి మూసేశాను. (మూసేసే ముందు కనీసం మూడు నెలలు ముందుగా చెప్పాలని మాస్టడాన్ వాళ్ళే ఒక నియమావళి రాసి పెట్టారు. అది మూసేశాక చదివాను. తప్పు నాదే.)

ఆ మూడు వారాల్లో ఒకరోజు మా క్లాసమ్మాయి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి నాన్నగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. 2023లో ఆయన మంచాన పడ్డాక ఆయన చెప్పే రూట్ల కబుర్లు, తిట్లు, సామెతలు రోజుకొకటి చొప్పున అక్కడ రాసేది. మేమంతా కింద ఏదో ఒకటి అనేవాళ్ళం. ఆయన పోయిన రోజు రాత్రి ఎవరికీ నిద్ర లేదు, తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాం.

"ఏరా, కొత్త చోటికి వెళ్తే నేను రాసినవన్నీ నాతో వస్తాయా?" అంది.

"నిన్ను అనుసరించేవాళ్ళు వస్తారు. రాసినవి రావు. అది త్వరలో వచ్చే ఫీచర్లలో ఉందిలే" అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆ "త్వరలో" నా గొంతులో అడ్డం పడింది. అసలా మాట ఎప్పట్నుంచి "త్వరలో"గా ఉందో చూద్దామని తవ్వడం మొదలుపెట్టాను. తవ్వితే తేలిన చరిత్ర ఇది.

ముందుగా రెండు ముక్కల్లో, వికేంద్రీకరణ అంటే ఏంటి? మనందరికీ తెలిసిన ఉదాహరణ ఈమెయిల్. మీ మెయిల్ ఒక కంపెనీది, నా మెయిల్ ఇంకో కంపెనీది. అయినా ఉత్తరం చేరుతుంది. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ అనే ఒప్పందాన్ని అందరూ పాటిస్తారు కాబట్టి చేరుతుంది. సోషల్ నెట్‌వర్కుని కూడా ఇలాగే కట్టొచ్చు కదా అన్నదే మొత్తం ఆలోచన. ఎన్నో సర్వర్లు, వాటికి వేర్వేరు యజమానులు, మధ్యలో ఒకే భాష.

అయితే ఈమెయిల్‌తోనే ఒక జబ్బు కూడా పుట్టింది. చిరునామాలో "ఎట్" గుర్తుకి ముందున్నది మన పేరు, తర్వాతది ఇంటి ఓనరు పేరు. ఓనరు పొమ్మంటే చిరునామా కూడా పోతుంది. డిగ్రీ చేతికి రాగానే కాలేజీ మెయిల్ ఆగిపోయిన వాళ్ళెవరికీ దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. ఈ జబ్బు తర్వాత వచ్చిన ప్రతి తరానికీ అంటుకుంది.

1999 జనవరిలో జెరెమీ మిల్లర్ జాబర్ అనే ఛాటింగు వ్యవస్థని ప్రకటించాడు. తర్వాత అదే ఎక్స్ఎంపీపీ పేరుతో ప్రమాణమైంది. ఎవరైనా సర్వరు పెట్టుకోవచ్చు, ఏ సర్వరు వాడితోనైనా మాట్లాడొచ్చు. 2005 ఆగస్టులో గూగుల్ టాక్ ఈ పద్ధతి మీదే వచ్చింది. 2006 జనవరిలో బయటి సర్వర్లకి కూడా తలుపులు తెరిచింది. ఇంకేం, రాజ్యం మనదే అనుకున్నారు వికేంద్రీకరణవాదులు. 2013 మేలో గూగుల్ హ్యాంగౌట్స్ తెచ్చింది. దానికి బయటి సర్వర్లతో మాట్లాడే అలవాటు లేదు. చిన్న సర్వర్లలో ఉన్నవాళ్ళ స్నేహితుల్లో చాలామంది పెద్దింట్లో ఉన్నారు, ఆ పెద్దింటి తలుపులు పడ్డాయి. ఊళ్ళో అందరికీ తలుపులున్నా, అతి పెద్ద ఇంటి తలుపు మూసుకుంటే ఊరు మూగబోతుందన్న మాట.

ఈలోగా కెనడాలోని మాంట్రియల్లో ఎవన్ ప్రొడ్రోమూ అనే ఆయన 2008 జూలైలో ఐడెంటికా అనే సైటు పెట్టాడు. చూడ్డానికి ట్విట్టరులాగే ఉండేది. దాని వెనకున్న లాకోనికా సాఫ్టువేరు మాత్రం ఎవరైనా తీసుకుని సొంత సర్వరు మీద నడుపుకోవచ్చు. అది 2009లో స్టేటస్‌నెట్ అయింది. 2010లో ఓస్టేటస్ అనే కొత్త భాష నేర్చుకుంది. బాగానే ఉంది అనుకునేలోపు 2013లో ఐడెంటికా పంప్ డాట్ ఐఓ అనే పూర్తిగా కొత్త సాఫ్టువేరుకి మారింది. కొత్తదానికి పాత భాష రాదు. దాంతో పాత సర్వర్లలో ఉండి ఐడెంటికా వాళ్ళని అనుసరిస్తున్న వాళ్ళకి తీగ తెగిపోయింది. ఆయన దుర్మార్గుడేం కాదు. మెరుగైనది కట్టాలనే మార్చాడు. ఇక్కడ ఏదీ ఒక్కడు మారిస్తే మారదు, మారిస్తే తెగుతుంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు 2010కి వద్దాం. నేను వెతుకుతున్న "త్వరలో" కి అసలు పుట్టిల్లు అదే.

2010 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఎబెన్ మోగ్లెన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఒక ప్రసంగం చేశాడు. మన జీవితాలన్నీ ఎవడి సర్వర్లలోనో ఎందుకు పెట్టుకోవాలి, ఇంట్లో గోడకి తగిలించుకునేంత చిన్న సర్వరు మనకే ఉండొచ్చు కదా అన్నది సారాంశం. అది న్యూయార్క్ యూనివర్సిటీ కుర్రాళ్ళు నలుగురిని కదిలించింది. డాన్ గ్రిప్పీ, మాక్స్‌వెల్ సాల్జ్‌బర్గ్, రఫాయెల్ సోఫేర్, ఇల్యా జిటోమిర్‌స్కీ. ఏప్రిల్లో కిక్‌స్టార్టర్లో చందాకి దిగారు. అడిగింది పది వేల డాలర్లు. సరిగ్గా అప్పుడే ఫేస్‌బుక్ గోప్యత మార్పుల మీద జనం మండిపడుతున్నారు. సుమారు ఆరున్నర వేల మంది కలిసి రెండు లక్షల డాలర్లకి పైగా ఇచ్చారు. ఇచ్చినవాళ్ళలో జుకర్‌బర్గ్ కూడా ఉన్నాడు :)

ఆ సాఫ్టువేరే డయాస్పోరా. అందులో సర్వరుని పాడ్ అన్నారు. మీకు నచ్చిన పాడ్‌లో ఉండండి, మీ డేటా మీది, నచ్చకపోతే సర్దుకుని వెళ్ళిపోండి అన్నది ఆ కలలో ముఖ్యమైన భాగం. సెప్టెంబరు 15న కోడు బయటపెట్టారు. చూసిన ప్రోగ్రామర్లు కొన్ని గంటల్లోనే పెద్ద పెద్ద భద్రతా లోపాలు బయటికి లాగారు. నేను కూడా కోడు రాసే వాడినే కాబట్టి ఆ నలుగురి పరిస్థితి ఊహించగలను. నిన్నటిదాకా కాలేజీలో ప్రాజెక్టు చేసుకున్న పిల్లలు, ఇవాళ ప్రపంచమంతా చూస్తుండగా ఫేస్‌బుక్‌కి జవాబు రాయాలి. 2011 జూన్‌లో గూగుల్ ప్లస్ వచ్చింది. డయాస్పోరా స్నేహితుల్ని "యాస్పెక్ట్స్" కింద విడదీస్తే ఇందులో అదే పనికి "సర్కిల్స్" ఉన్నాయి. ఆ నవంబరులో ఇల్యా చనిపోయాడు. ఇరవై రెండేళ్ళు. 2012 ఆగస్టులో మిగిలినవాళ్ళు ప్రాజెక్టుని వాడుకరుల సముదాయానికి అప్పజెప్పారు.

గమనించాల్సింది ఏంటంటే, డయాస్పోరా చావలేదు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు దాన్ని నడుపుతూనే వచ్చారు. గూగుల్ ప్లస్సే 2019 ఏప్రిల్లో మూతపడింది. కానీ ఆ "సర్దుకుని వెళ్ళిపోండి" సంగతో? డేటా దించుకునే మీట వచ్చింది. దించుకున్నదాన్ని ఇంకో పాడ్‌లో ఎక్కించుకునే సౌకర్యానికి మాత్రం పదేళ్ళ పైనే పట్టింది. మూటలు కట్టుకోనిచ్చారు గానీ దింపుకునే చోటు చాలాకాలం చూపించలేదు.

తర్వాతి తరం మాస్టడాన్. 2016 అక్టోబరులో జర్మనీ నుంచి యూజెన్ రోచ్కో అనే ఇరవై మూడేళ్ళ కుర్రాడు వదిలాడు. మొదట ఓస్టేటస్ భాషలోనే మాట్లాడేది. 2018 జనవరి 23న వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ త్రీ సీ సంస్థ యాక్టివిటీపబ్ అనే కొత్త భాషకి ఆమోదముద్ర వేసింది. రాసినవాళ్ళలో మన ఐడెంటికా ప్రొడ్రోమూ కూడా ఒకడు. పదేళ్ళ తర్వాత కూడా అదే గోడ కడుతున్నాడు చూడండి.

2019 నవంబరులో మనవాళ్ళు కూడా ఈ ఊళ్ళోకి వచ్చారు. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాని ట్విట్టరు ఆపేయడంతో రేగిన గొడవలో వేలమంది భారతీయులు మాస్టడాన్‌కి కదిలారు. చాలామంది కొన్ని వారాల్లో వెనక్కి వెళ్ళిపోయారు, అది వేరే సంగతి. సరిగ్గా దానికి నెల ముందే, అక్టోబరులో, మాస్టడాన్ 3.0 వచ్చింది. అందులో ఇల్లు మారే సౌకర్యం ఉంది. పాత ఖాతాలో "నేను ఫలానా చోటికి వెళ్ళాను" అని నొక్కితే మిమ్మల్ని అనుసరించేవాళ్ళంతా కొత్త ఖాతాకి దానంతటదే మారతారు. చాలా గొప్ప సౌకర్యం, అందులో సందేహం లేదు.

కానీ రాసినవి పాత ఇంట్లోనే ఉంటాయి.

ఎందుకు? ఇంజనీరు బుర్రతో ఆలోచిస్తే ముందు "కాపీ చేస్తే పోలా?" అనిపిస్తుంది. నాకూ అనిపించింది. చిక్కు ఎక్కడుందంటే, ఇక్కడ మీరు రాసిన ప్రతి ముక్కకీ ఒక శాశ్వతమైన గుర్తింపు ఉంటుంది. ఆ గుర్తింపు ఒక వెబ్ చిరునామా. అందులో సర్వరు పేరు ఉంటుంది. మీ మాట కాపీలు అప్పటికే వందల సర్వర్లకి వెళ్ళిపోయాయి. వాటి కింద వచ్చిన జవాబులు, ఇష్టాలు అన్నీ ఆ పాత చిరునామానే పట్టుకుని వేలాడుతున్నాయి. ఇల్లు మారాలంటే ఆ వందల సర్వర్లూ తమ పుస్తకాల్లో చిరునామా కొట్టేసి కొత్తది రాసుకోవాలి. అవి ఎందుకు ఒప్పుకోవాలి? "ఇది నేను 2019లో రాశాను" అని కొత్త సర్వరు నుంచి ఎవడో పాత తేదీతో తెచ్చి పెడితే నమ్మడం ఎలా? పోనీ కొత్తగా ప్రచురిస్తే ఐదేళ్ళ మాటలు ఒక్క రాత్రిలో అందరి గోడల మీదా కుమ్మరించినట్టవుతుంది. వీటిలో ఒక్కటి కూడా కోడు రాయలేక ఆగింది కాదు. ఒకరినొకరు ఎరగని వేలమంది సర్వరు యజమానులు ఒక మాట మీదకి రాక ఆగింది.

దీనికి రుజువు ఇంకో సౌకర్యం చరిత్రలో దొరికింది. అదే, ఒకరి మాటని ఉటంకిస్తూ దానిపైన మన మాట రాయడం. ట్విట్టరులో ఇది ఎప్పట్నుంచో ఉంది. మాస్టడాన్‌లో రోచ్కో కావాలనే పెట్టలేదు. దాన్ని జనం ఎక్కువగా పక్కవాడిని నలుగురిలో నవ్వులపాలు చేయడానికి వాడుతున్నారన్నది కారణం. కొత్తగా వచ్చిన ప్రతివాడూ అదే అడిగేవాడు. 2023లో "సరే, చేస్తాం" అన్నారు. 2025 సెప్టెంబరులో వాళ్ళ పెద్ద సర్వర్లలో మొదలై, నవంబరులో 4.5 వెర్షనులో అందరికీ అందింది. మామూలుగా అయితే ఇది ఒక ప్రోగ్రామరు వారం పని. మరి రెండేళ్ళు ఎందుకు పట్టింది? నా మాటని ఎవరు ఉటంకించొచ్చో నేనే నిర్ణయించుకునేలా, ఒకసారి ఒప్పుకున్నాక కూడా వెనక్కి తీసుకోగలిగేలా చేశారు. ఆ అనుమతిని వేరే సర్వర్లు కూడా గౌరవించేలా కొత్త పద్ధతి రాసుకున్నారు. అంటే ఆలస్యమంతా "ఆయన్ని అడిగావా?" అన్న ఒక్క ప్రశ్న దగ్గర జరిగింది.

ఇక బ్లూస్కై. 2019 డిసెంబరులో ట్విట్టరు అధిపతిగా ఉన్న జాక్ డోర్సీ ప్రకటించిన ప్రాజెక్టు ఇది. తర్వాత వేరే కంపెనీ అయింది. 2024 ఫిబ్రవరిలో జనానికి తలుపులు తెరిచింది, అదే నెలలో సొంత సర్వర్లు పెట్టుకోనిచ్చింది. వీళ్ళు పాత జబ్బుకి నేరుగా మందు వేశారు. మనిషి గుర్తింపుని సర్వరు పేరు నుంచి విడదీశారు. మీకో శాశ్వత సంఖ్య ఉంటుంది. మీరు ఇప్పుడే ఇంట్లో ఉన్నారో ఆ సంఖ్య పక్కన ఒక చిట్టాలో రాసి ఉంటుంది. రాసినవన్నీ సంతకం చేసిన ఒక మూటలో ఉంటాయి కాబట్టి ఇల్లు మారితే మూట మొత్తం వస్తుంది, జవాబులు కూడా తెగిపోవు. శభాష్ అనాల్సిందే. కానీ ఆ చిట్టా పుస్తకం ఎవరి దగ్గరుంది? మొదట్నుంచీ ఆ కంపెనీయే నడిపింది. దాన్ని విడిగా ఒక స్విస్ సంస్థకి అప్పగిస్తామని 2025లో చెప్పారు. పైగా మీ సర్వరు చెప్పాపెట్టకుండా పడిపోతే, ముందే మూటకి ఒక కాపీ, ఒక తాళంచెవి మీ దగ్గర పెట్టుకుని ఉండాలి. ఎంతమంది పెట్టుకుంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇదంతా చదువుతుంటే నాకు మన సెల్‌ఫోను నంబరు గుర్తొచ్చింది. ఒకప్పుడు కంపెనీ మారితే నంబరు మారిపోయేది. ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసి కొత్త నంబరు చెప్పుకునేవాళ్ళం. 2010 నవంబరులో హర్యానాలో, 2011 జనవరి 20న దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారే పద్ధతి వచ్చింది. ఆ కంపెనీల ఇంజనీర్లకి ఆ రోజే తెలివి వచ్చిందా? కాదు కదా. ట్రాయ్ నియమాలు పెట్టింది, కంపెనీలు చచ్చినట్టు ఒప్పుకున్నాయి. వికేంద్రీకృత నెట్‌వర్కులకి ట్రాయ్ లేదు. ఉండకూడదనే కదా అసలు దీన్ని మొదలుపెట్టింది! ఆజ్ఞాపించేవాడు లేనిచోట ఏదైనా ఒప్పించే జరగాలి. ఒప్పించడం నెమ్మదిగా జరుగుతుంది.

కాబట్టి ఈ చరిత్రంతా చదివాక నాకు అర్థమైంది ఇది. ఈ సాఫ్టువేర్లలో ఏ సౌకర్యం ముందొస్తుంది, ఏది "త్వరలో" దగ్గర ఆగిపోతుంది అన్నదానికి ఒక సూత్రం ఉంది. ఒక్క సర్వరు లోపల అయిపోయే పని వెంటనే వస్తుంది. కొత్త రంగులు, కొత్త మీటలు, ఇంకాస్త పొడుగు మాటలు. పక్క సర్వరుని అడగాల్సిన పనికి ఏళ్ళు పడుతుంది. అందరినీ అడగాల్సిన పనికి పదిహేనేళ్ళు. మనం ఈ ఊళ్ళకి వచ్చేదే ఆ మూడో రకం పనుల కోసం అన్నదే ఇందులో విషాదం. ఇల్లు మారే స్వేచ్ఛ ఉందని పిలుస్తాం, ఆ స్వేచ్ఛే అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. నేను కూడా అలాగే నలభై మందిని పిలిచాను. పిలిచిన రోజు ఆ తేడా చెప్పలేదు, ఎందుకంటే నాకే తెలియదు.

మా క్లాసమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను.

తన ఖాతా నుంచి మూట దించి ఇచ్చాను. తెరిచి చూస్తే అందులో తను రాసినవి మాత్రమే ఉన్నాయి. మేమన్న మాటలు లేవు. ఫోన్లో ఒకవైపు మాటలే వినపడినట్టుంది. ఆయన పోయిన రాత్రి తను రాసిన మూడు వాక్యాలున్నాయి, మిగతా రాత్రంతా లేదు. "అవి కూడా కావాలిరా" అంది.

సర్వరు నాది కాబట్టి డేటాబేసు బ్యాకప్పు నా దగ్గరుంది. రెండు గంటలు కూర్చుంటే అన్నీ బయటికి లాగొచ్చు. కోడు ఆ సాయంత్రమే అయిపోయింది. కానీ ఆ మాటలు నావి కావు, తనవీ కావు. అన్నవాళ్ళవి. అందుకని వరసగా ఫోన్లు చేశాను. పదిహేడు మంది. సగం మందితో రెండేళ్ళుగా మాట్లాడనే లేదు, ఒక్కొక్కరితో అరగంట పట్టింది. పదహారు మంది సరేనన్నారు. ఒకడు, "వద్దురా, ఆ రోజు నేను వేరే బాధలో ఏదేదో రాశాను, తీసెయ్" అన్నాడు. తీసేశాను. బయటి సర్వర్ల నుంచి వచ్చిన ముగ్గురికి వాళ్ళున్న చోటే సందేశం పెట్టాను. ఇద్దరు ఒప్పుకున్నారు, మూడో మనిషి నుంచి జవాబు రాలేదు, కాబట్టి ఆ మాటలూ పెట్టలేదు.

మొత్తం పూర్తయ్యేసరికి ఐదు నెలలు పట్టింది. రెండు గంటల కోడు, ఐదు నెలల ఫోన్లు.

ఇప్పుడవి ఒక మామూలు పేజీలో ఉన్నాయి, ఏ సర్వరూ లేకుండా బొమ్మలతో సహా పెన్‌డ్రైవులో పట్టేంత. ఒక కాపీ తన దగ్గర, ఒకటి వాళ్ళమ్మగారి దగ్గర, ఒకటి నా దగ్గర. మధ్యలో రెండు చోట్ల ఖాళీలున్నాయి. ఆ ఖాళీల గురించి తను ఏమీ అడగలేదు.

మొన్న ఆఫీసులో ఒక కొత్త కుర్రాడు మాస్టడాన్ సర్వరు పెడదామనుకుంటున్నానని సలహా అడిగాడు. పెట్టమనే చెప్పాను. ఇల్లు మారే సౌకర్యం ఉందా అని అడిగితే మాత్రం "సగం ఉంది. మిగతా సగానికి నువ్వే ఫోన్లు చేయాల్సి ఉంటుంది" అన్నాను. త్వరలో వస్తుందని మాత్రం అనలేదు.